‘డిస్కస్ అబౌట్’ లెక్క ఎక్కడ తప్పుతుంది

భారతీయ ఇంగ్లిష్ గురించి ఎవరు రాసినా ‘డిస్కస్ అబౌట్’ ఒక్కసారైనా తగులుతుంది. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ‘డిస్కస్’ అనే క్రియ వెనక ‘అబౌట్’ రాదు. ‘దాని గురించి చర్చించాం’ అని తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లో చెబుతాం కాబట్టి ‘అబౌట్’ వచ్చి చేరిందని చాలామంది అక్కడికక్కడే తేల్చేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ‘మన ఇంగ్లిష్‌లో ఇది ఎక్కువ’ అని రాసేముందు ఎంతలో ఎంత అన్నది చూడాలి. చిక్కంతా అక్కడే.

ఈ పనికి ఎక్కువమంది వాడేది ఇంటర్నేషనల్ కార్పస్ ఆఫ్ ఇంగ్లిష్, పొట్టిగా ‘ఐస్’. కార్పస్ అంటే భాషను పరిశీలించడానికి పోగేసిన మాటల, రాతల నిధి. 1988లో భాషావేత్త సిడ్నీ గ్రీన్‌బామ్ ప్రతిపాదించాడు. భారత్, సింగపూర్, జమైకా, బ్రిటన్, ఇలా ఒక్కో చోటికి ఒక్కో భాగం. ప్రతి భాగంలో 500 పాఠాలు, పాఠానికి సుమారు 2,000 మాటలు, మొత్తం పది లక్షలు. వాటిలో 300 పాఠాలు మాట్లాడినవి, 200 రాసినవి. అన్ని దేశాలకూ ఒకే అచ్చు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. భారత భాగం కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో తయారైంది.

ఫైళ్లు చేతికొచ్చాక మొదటి పని శుభ్రం చేయడం. తొందరపడి చేసే తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి. మాటల మధ్యలో కోణపు బ్రాకెట్లలో రకరకాల గుర్తులు ఉంటాయి. చిన్న విరామానికి ఒకటి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇంకొకటి. ‘డిస్కస్’కీ ‘అబౌట్’కీ మధ్య విరామపు గుర్తు పడిందంటే మామూలు వెతుకులాటకు ఆ వాక్యం దొరకదు. పోనీ గుర్తులన్నీ ఒక్క దెబ్బకు తీసేద్దామంటే ఇంకో తంటా. ‘ఎక్స్’ గుర్తు మధ్య ఉన్నది కార్పస్‌కు చెందని మాట. గుర్తు పోయి మాట మిగిలితే అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మైనస్ గుర్తు మధ్య మనిషి అన్న మాట ఉంటుంది, ప్లస్ గుర్తు మధ్య దాన్ని సరిదిద్దిన మాట. మనకు కావాల్సింది మనిషి అన్నది. అందుకని ముందు ‘ఎక్స్’ భాగాలను, ప్లస్ భాగాలను లోపలి మాటలతో సహా తీసేయాలి. మిగతా గుర్తుల సంగతి ఆ తర్వాత. ఇదంతా అయ్యాకే మొత్తం మాటలు లెక్కపెట్టాలి, లేదంటే విరామాల గుర్తులూ మాటల కింద పడతాయి.

ఇక వెతకడం. కార్పస్‌లో మాటలు వెతికే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరికే యాంట్‌కాంక్ చాలు. ఉత్త ‘డిస్కస్’, దాని ఈఎస్, ఈడీ, ఐఎన్‌జీ రూపాలు, నాలుగూ అడగండి. వెనకే ‘అబౌట్’ రావాలని పట్టుబట్టకుండా తర్వాతి ఐదారు మాటల దాకా చూడండి. ‘డిస్కస్ విత్ హిమ్ అబౌట్’ లాంటివి అప్పుడే చిక్కుతాయి. తర్వాత ఒక్కో వరసా కంటితో చదవాల్సిందే. ‘డిస్కస్డ్ అబౌట్ ట్వెంటీ ఐటమ్స్’లో ‘అబౌట్’ అంటే సుమారు అని, అది మన లెక్కలోకి రాదు. ‘లెట్ అజ్ డిస్కస్’ అని ఊరికే వదిలేసిన చోట కర్మే లేదు, తీసేయండి. ‘ద మ్యాటర్ వుయ్ డిస్కస్డ్ అబౌట్’ మాత్రం ఉంచాలి. ‘వాజ్ డిస్కస్డ్’ అనే కర్మణి వాక్యాల్ని ఏం చేయాలో ముందే ఒక నియమం రాసి పెట్టుకోండి. సగం వరసలు చూశాక నియమం మారిస్తే మొదటి సగం మళ్లీ చూడాలి.

ఇప్పుడు అసలు లెక్క. ఊహాంకెలతో చూద్దాం. రెండు భాగాల్లోనూ మాట్లాడిన పాఠాలు ఆరేసి లక్షల మాటలు. మొదటి దాంట్లో ‘డిస్కస్ అబౌట్’ 12 సార్లు, రెండోదాంట్లో 6 సార్లు దొరికాయనుకోండి. పది లక్షలకు 20, 10. ‘మొదటిది రెట్టింపు’ అని రాయాలని చేతులు ఉబలాటపడతాయి. ఆగండి. ‘డిస్కస్’ కర్మతో వచ్చిన చోట్లన్నీ, అంటే ‘అబౌట్’ ఉన్నవీ లేనివీ కలిపి, మొదటి దాంట్లో 120, రెండోదాంట్లో 40 అయితే? శాతాలు 10, 15. బండి తిరగబడింది! మొదటి దేశంవాళ్లు ఆ క్రియను ఎక్కువ వాడారు, అంతే. పోనీ రెండోవాళ్లే ఎక్కువ అందామా? తేడా కాకతాళీయమేమో చూసే కై వర్గ పరీక్ష వేస్తే 0.75 వస్తుంది. నూటికి అయిదు స్థాయిలో దాటాల్సిన గీత 3.84. కాబట్టి ఇద్దరిలో ఎవరు ఎక్కువో ఈ అంకెలతో చెప్పలేం. పది లక్షలకు ఇన్ని అనే అంకె మీదే ఆగిపోయిన పరిశోధనను నేనైతే నమ్మను.

ఆ 12 ఎన్ని ఫైళ్లలోంచి వచ్చాయో కూడా చూడండి. 8 ఒకే ఫైల్లో ఉంటే అది బహుశా ఒకే మనిషి అలవాటు. ఫైలు సంఖ్యనూ మాట్లాడినవాళ్ల గుర్తునూ పట్టికలో వేరే గడుల్లో రాసుకుంటే ఇది వెంటనే బయటపడుతుంది.

అంకెలు చాలకపోతే 2013లో మార్క్ డేవిస్ విడుదల చేసిన వెబ్ పేజీల కార్పస్ ‘గ్లోబ్’ ఉంది. 20 దేశాలు, 190 కోట్ల మాటలు, దాదాపు 60 శాతం బ్లాగులు. ఇక్కడ మాటలకు కొరత లేదు గానీ మనిషి ఎవరో తెలియదు. భారత్ కింద పడిన పేజీని భారతీయులే రాశారన్న హామీ లేదు, ఒకే వాక్యం పది పేజీల్లో అతికించి ఉండవచ్చు. హిట్లలోంచి యాదృచ్ఛికంగా 200 తీసి చదివితే చెత్త పాలెంతో తేలుతుంది. కాలం తేడా ఇంకో ఉచ్చు. భారతీయ ఇంగ్లిష్ రాతలతో చేసిన కొల్హాపూర్ కార్పస్‌ (ఇది ‘ఐస్’ కాదు, వేరే) లోనివి 1978 నాటి పాఠాలు, దాన్ని పోల్చే అమెరికన్ కార్పస్ బ్రౌన్, బ్రిటిష్ కార్పస్ ఎల్ఓబీలవి 1961 నాటివి. మధ్యలో 17 ఏళ్లు. కనబడిన తేడా దేశానిదో కాలానిదో ఆ రెండింటి నుంచే తేలదు.

చివరికి ఆ ‘గురించి’ సంగతి. నైజీరియాలోనూ సింగపూర్‌లోనూ ‘డిస్కస్ అబౌట్’ ఉంది. వాళ్లు తెలుగు నుంచి తెచ్చుకోలేదు కదా! ‘టాక్ అబౌట్’, ‘డిస్కషన్ అబౌట్’ పక్కనే ఉండగా క్రియకు కూడా అదే తగిలించడం ఎవరికైనా తోచే పనే. తెలుగు ప్రభావమే అనాలంటే మాట్లాడినవాళ్ల మాతృభాష గడి చూసి, తెలుగువాళ్ల శాతాన్ని మిగతావాళ్ల శాతంతో పోల్చాలి. పది లక్షల మాటల కార్పస్‌లో అలా విడదీస్తే ఒక్కో గుంపుకూ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలితే గొప్ప.