ఓడ ఎక్కే రోజు, బార్ బిల్లు: బయలుదేరకముందే తేల్చుకోవలసిన లెక్కలు

క్రూయిజ్ ప్రయాణానికి తొలిసారి టికెట్టు కొన్న బంధుమిత్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి. ఓడ ఎక్కే రోజు ఏ సమయానికి, ఏయే కాగితాలతో, ఏ సామానుతో వెళ్లాలన్నది మొదటిది. తాగే వాటికి విడిగా డబ్బు కట్టాలా, కట్టవలసి వస్తే రోజుకింతని ముందే కట్టే పానీయాల ప్యాకేజీ తీసుకోవడం మేలా అన్నది రెండోది. పైకి ఈ రెండింటికీ పొత్తు లేనట్టు కనిపిస్తుంది. కానీ టెర్మినల్ దగ్గర ఏ సీసాను లోపలికి రానిస్తారు, దేనిని ఆపేస్తారు అన్న నిబంధన ఆ తరవాతి వారం రోజుల బార్ బిల్లును చాలావరకు నిర్ణయిస్తుంది. పైగా రెండు విషయాల్లోనూ ఇంట్లో తీరిగ్గా కూర్చుని తీసుకున్న నిర్ణయం చవగ్గా తేలుతుంది, ఓడ మీదికి వెళ్లాక తీసుకున్నది ఖరీదవుతుంది.

ముందుగా సమయం సంగతి. టికెట్టు మీద సాయంత్రం 4 గంటలని ఉంటే అది ఓడ రేవు విడిచే సమయమే తప్ప ప్రయాణికులు ఎక్కే సమయం కాదు. చాలా సంస్థలు దానికి గంట నుంచి గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడలైతే ప్రయాణికుల పూర్తి జాబితాను కనీసం 60 నిమిషాల ముందు అక్కడి అధికారులకు పంపాలన్న నియమం ఉంది కనుక, ఆ గడువు దాటాక కౌంటర్లో ఉన్న ఉద్యోగిని ఎంత బతిమాలినా ప్రయోజనం ఉండదు. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుచుకున్న రోజే పాస్‌పోర్టు వివరాలు, ఫొటో, కార్డు నంబరు నమోదు చేసి, టెర్మినల్‌కు చేరవలసిన వేళను ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే మధ్యాహ్నానికి ముందున్న వేళలు త్వరగా నిండిపోతాయి. క్యాబిన్లు సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే సిద్ధమవుతాయి గానీ, అప్పటిదాకా భోజనశాల, ఈతకొలను తెరిచే ఉంటాయి.

విమానంలో వెళ్లి ఓడ ఎక్కవలసినవాళ్లు అదే రోజు దిగేలా టికెట్టు తీసుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని ఆశపడితే, విమానం మూడు గంటలు ఆలస్యమైనప్పుడు సెలవు మొత్తం చేజారిపోతుంది. తరవాతి రేవులో కలుసుకుందామన్నా అన్నిచోట్లా కుదరదు. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ప్రకారం, విదేశీ జెండా కింద, అంటే వేరే దేశంలో నమోదై, నడిచే ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను, మధ్యలో దూరదేశపు రేవును తాకకుండా, ఇంకో అమెరికా రేవులో దించడానికి వీల్లేదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా కిందివే కాబట్టి, ఓడ తప్పిపోయి తరవాతి అమెరికా రేవులో ఎక్కి వేరే అమెరికా రేవులో దిగాలనుకునేవాళ్లకు ఈ చట్టం అడ్డుగా నిలుస్తుంది.

కాగితాల్లో అసలు చిక్కు వీసా దగ్గర వస్తుంది. పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిసిన తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలన్న సంగతి చాలామందికి తెలుసు. ఒకసారి మాత్రమే ప్రవేశం ఇచ్చే వీసా క్రూయిజ్‌కు ఎందుకు చాలదో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఉదాహరణకు బార్సెలోనాలో ఓడ ఎక్కి, ట్యూనిస్‌లో ఒక పగలు గడిపి, మళ్లీ బార్సెలోనాకే చేరే ప్రయాణాన్ని చూడండి. ట్యూనీషియా షెంగెన్ ప్రాంతం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సముదాయం) బయటిది కాబట్టి తిరిగి వచ్చేటప్పటి ప్రవేశం రెండోదవుతుంది. వీసా మీద ఒక ప్రవేశమే రాసి ఉంటే, దాన్ని మొదటి రోజు చెక్-ఇన్ కౌంటర్లోనే గమనించి ఎక్కనివ్వరు, చెల్లించిన డబ్బు కూడా తిరిగి రాదు. నేల మీదికి దిగకుండా ఓడలోనే ఉండిపోతామని చెప్పినా సాధారణంగా ఒప్పుకోరు. అందువల్ల రేవుల జాబితా ముందు పెట్టుకుని, ప్రతి దేశానికీ వీసా కావాలా, కావాలంటే ఎన్ని ప్రవేశాలకు అన్నది టికెట్టు కొనకముందే చూసుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరితోనే ప్రయాణించే పిల్లలకు రెండోవారి అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవాలి. ప్రయాణం ముగిసేలోగా 24వ వారంలోకి వచ్చే గర్భిణులను, ఆరు నెలలు నిండని పసిపిల్లలను చాలా సంస్థలు అసలు ఎక్కించుకోవు.

సామాను విషయానికి వస్తే, పెద్ద సూట్‌కేసులను టెర్మినల్ బయటే పోర్టర్లకు అప్పగిస్తాం. అవి క్యాబిన్ గుమ్మం ముందుకు చేరేసరికి సాయంత్రమో, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళో అవుతుంది. పాస్‌పోర్టు, మందులు, ఒక జత బట్టలు, ఫోన్ ఛార్జర్ చేతిసంచిలోనే ఉండాలని ఇంతగా చెప్పడానికి కారణం అదే. పాస్‌పోర్టును సూట్‌కేసు అడుగున భద్రంగా సర్ది పోర్టరుకు ఇచ్చేసినవాళ్లు ప్రతి టెర్మినల్లోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. ఇంట్లో ముద్రించుకున్న లగేజీ ట్యాగు మామూలు కాగితమే అయినా దాని మీద క్యాబిన్ నంబరు ఉంటుంది. దాన్ని పిడికి చుట్టి, పారదర్శకమైన టేపును రెండు వైపులా వేసి, పైన స్టేపుల్ పిన్ను కొడితే చినుకులకూ తోపులాటకూ తట్టుకుంటుంది. ఇస్త్రీ పెట్టె, నీళ్లు మరిగించే కెటిల్, కొవ్వొత్తులు, విద్యుత్ రక్షణ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు లాంటివి అగ్నిప్రమాద భయంతో ఆపేస్తారు. ఎక్కిన వెంటనే భద్రతా శిక్షణ ఉంటుంది, దాన్ని తప్పించుకోవాలని చూడకండి. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఇటలీ తీరంలో బండను కొట్టుకుని ఒరిగిపోయిన తరవాత, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో ఈ శిక్షణ పూర్తికావాలని అంతర్జాతీయ నిబంధనను మార్చారు.

ఇక సీసాల సంగతి. మద్యాన్ని సూట్‌కేసులో దాచి తీసుకెళ్లవచ్చా అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు చాలామంది. ప్రతి సూట్‌కేసూ ఎక్స్-రే యంత్రం గుండానే వెళుతుంది. అనుమానం వస్తే దాన్ని పక్కన పెట్టి, యజమానిని పిలిపించి, అతని ఎదుటే తెరిపిస్తారు. మిగతావాళ్లంతా పైన డెక్కు మీద సంగీతం వింటూ ఉండగా ఈ వరుసలో నిలబడడం అంత గౌరవంగా ఉండదు. అయితే చట్టబద్ధమైన దారి కూడా ఉంది. చాలా సంస్థలు మద్యం వయసు వచ్చిన ఒక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి, ఎక్కే రోజు చేతిసంచిలో తెచ్చుకోవడానికి అనుమతిస్తాయి. దాన్ని క్యాబిన్లో తాగితే పైసా ఖర్చు లేదు. భోజనశాలకు తీసుకెళ్తే మాత్రం మూత తీసినందుకు రుసుము వసూలు చేసే సంస్థలు ఉన్నాయి. మధ్యలో రేవుల్లో కొన్న మద్యాన్ని ఓడ సిబ్బంది తీసుకుని భద్రపరచి, చివరి రోజే చేతికిస్తారు. మంచినీళ్ల సీసాలను కూడా కొన్ని సంస్థలు లోపలికి రానివ్వవు. ఖాళీ సీసా తీసుకెళ్లి భోజనశాలలో నింపుకుంటే ఆ బెంగ ఉండదు. మద్యం వయసు అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లో 21, యూరప్ ఓడల్లో ఎక్కువగా 18.

టికెట్టు ధరలోనే ఏమేమి తాగవచ్చన్నది సంస్థను బట్టి మారుతుంది. పెద్ద ఓడల్లో మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ, నిమ్మరసం, ఉదయం పూట పళ్లరసం ఉచితం. కూల్ డ్రింకులు, సీసా నీళ్లు, ఎస్ప్రెస్సో రకం కాఫీలు, మద్యం అన్నీ విడిగా కొనుక్కోవలసినవే. రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ లాంటి ఖరీదైన సంస్థల్లో దాదాపు అన్ని పానీయాలూ టికెట్టులోనే కలిసి వస్తాయి. వైకింగ్ సంస్థ సముద్ర ఓడల్లో మధ్యాహ్న, రాత్రి భోజనాలతో బీరు, వైన్ ఇస్తారు. అందుకే రెండు టికెట్ల ధరలు పోల్చేటప్పుడు పానీయాల ఖర్చును కూడా కలుపుకుని పోల్చాలి. లేకపోతే చవకగా కనిపించినదే చివరికి బరువవుతుంది.

ప్యాకేజీ లెక్క చాలా సులభం, అయినా దాన్ని వేసేవాళ్లు అరుదు. ఊహకు, రోజుకు 70 డాలర్ల ప్యాకేజీ అనుకుందాం. దాని మీద 18 శాతం సేవా రుసుము కలిపితే 82.60 డాలర్లు. విడిగా కొంటే 14 డాలర్ల కాక్‌టెయిల్ అదే రుసుముతో 16.52 డాలర్లు అవుతుంది. అంటే రోజుకు సరిగ్గా 5 కాక్‌టెయిళ్లు తాగితే ప్యాకేజీ డబ్బు గిట్టుబాటవుతుంది, ఆరోదాని నుంచే లాభం. ఆ 5 ప్రతిరోజూ తాగాలి. ఉదయం 8 గంటలకు దిగి సాయంత్రం 5 గంటలకు తిరిగి ఎక్కే రేవు రోజున కూడా తాగాలి. ఊళ్లో దాహం తీర్చుకున్న డబ్బు ప్యాకేజీలోకి రాదు కదా. వారంలో నాలుగు రేవులున్న ప్రయాణానికి ఈ లెక్క కుదరడం కష్టం. సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిచే ప్రయాణమైతే కొంత నయం.

దీనికి తోడు షరతులున్నాయి. ప్యాకేజీని ఒకటి రెండు రోజులకు అమ్మరు, ప్రయాణం మొత్తానికి తీసుకోవాలి. ఒక క్యాబిన్లో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే మిగతా పెద్దవాళ్లు కూడా తీసుకోవాలని చాలా సంస్థలు పట్టుబడతాయి, ఎందుకంటే ఒకరి ప్యాకేజీ మీద ఇద్దరు తాగుతారన్న అనుమానం వాళ్లది. కాబట్టి లెక్క వేయవలసింది బాగా తాగే భర్తతో కాదు, వారానికి రెండు గ్లాసులతో సరిపెట్టుకునే భార్యతో. ఇద్దరి సగటు తీస్తే రోజుకు 5 అన్న అంకె ఎక్కడో ఉండిపోతుంది. గ్లాసు ధరకు పరిమితి ఉంటుంది, అది దాటితే తేడా కట్టాలి. కార్నివాల్ సంస్థ ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యం పానీయాలన్న హద్దు కూడా ఉంది. అంత దూరం వెళ్లేవాళ్లకు బిల్లు కన్నా వైద్యుడి గురించి ఆలోచించమని చెబుతాను.

మద్యం ముట్టనివాళ్లు ప్యాకేజీ జోలికే పోనక్కర్లేదని అనుకోకండి. కూల్ డ్రింకులు, మాక్‌టెయిళ్లు (మద్యం కలపని కాక్‌టెయిళ్లు), మంచి కాఫీలతో కూడిన చిన్న ప్యాకేజీలు ఉంటాయి, రోజుకు రెండు కాఫీలు, రెండు మాక్‌టెయిళ్లు తాగేవాళ్లకు అవి నిజంగా కలిసివస్తాయి. ఏది తీసుకున్నా ఓడ ఎక్కకముందే ఆన్‌లైన్లో కొనడం మేలు. ఓడ మీద ధర సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ముందు కొన్నదాని ధర తరవాత తగ్గితే, రద్దు చేసి మళ్లీ కొనుక్కునే వీలు చాలాచోట్ల ఉంది. ఉచిత పానీయాల ప్యాకేజీ అని ప్రకటించే సంస్థల విషయంలో మాత్రం చిన్న అక్షరాలు చదవండి. ప్యాకేజీ ధర మాఫీ చేసినా, దాని మీద 20 శాతం దాకా సేవా రుసుమును మనమే కట్టవలసి రావచ్చు. ఇద్దరు మనుషులకు వారం రోజుల పాటు అది చిన్న మొత్తమేమీ కాదు.

బార్ దగ్గర ఇచ్చే చీటీని కూడా ఒకసారి దగ్గరగా చూడాలి. పైన పానీయం ధర, దాని కింద అప్పటికే కలిపేసిన 18 లేదా 20 శాతం రుసుము, ఆ కింద అదనపు టిప్పు అంటూ ఒక ఖాళీ గీత, చివరన మొత్తం, సంతకం ఉంటాయి. ఆ ఖాళీ గీత చూసి అలవాటు కొద్దీ ఇంకో రెండు మూడు డాలర్లు రాసేవాళ్లు ఒకే గ్లాసుకు రెండు టిప్పులు ఇచ్చినట్టు. ఇష్టపడి ఇస్తే సంతోషమే, తెలియక ఇవ్వడం వేరు. ఈ రుసుము, రోజుకింతని మనిషికొకటి చొప్పున ఖాతాలో పడే సిబ్బంది గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు) ఒకటి కావు. రెండోది ఏమీ తాగనివాళ్లకూ పడుతుంది.

ఓడ మీద నగదు నడవదు. అన్నీ క్యాబిన్ కార్డు మీద రాసుకుని చివర్లో మన బ్యాంకు కార్డు నుంచి తీసుకుంటారు. అక్కడ డెబిట్ కార్డు ఇవ్వకపోవడమే మంచిది. మనం ఇంకా ఖర్చు చేయకముందే కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతారు, ఆ పట్టు వదలడానికి ప్రయాణం ముగిశాక కూడా రోజులు పట్టవచ్చు. బిల్లును మన దేశపు కరెన్సీలోకి మార్చి వసూలు చేయమంటారా అని అడిగితే వద్దనండి, ఆ మారకపు ధర మనకు లాభం కాదు. యాప్‌లోనో క్యాబిన్ టీవీలోనో ఖాతాను రెండు మూడు రోజులకొకసారి చూసుకుంటూ, మనది కాని గ్లాసు కనిపిస్తే ఆ రోజే రిసెప్షన్‌లో చెప్పాలి. ఆఖరి ఉదయం అక్కడ వరుస మెట్ల దాకా వస్తుంది. బుకింగుతో పాటు ఓడ ఖర్చులకని ఇచ్చిన క్రెడిట్ మిగిలితే చాలావరకు తిరిగి ఇవ్వరు కాబట్టి, దాన్ని ఆఖరి రాత్రికి ముందే గ్రాట్యుటీలకో కాఫీలకో సర్దేయండి.