గాలి ఎటు వీస్తోందో చూసి బట్టలు ఆరేసే ఊరు

శ్రీకాకుళం జిల్లాలో మా కాశీబుగ్గలో అమ్మ డాబా మీద బట్టలు ఆరేసే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో ఒకసారి చూసుకుంటుంది. జీడి ఫ్యాక్టరీల వైపు నుంచి వస్తుంటే తెల్ల చొక్కాలు ఇంట్లోనే, ఫ్యాను కింద. చిన్నప్పటి నుంచి చూస్తున్నానేమో, అన్ని ఊళ్లలో అమ్మలూ ఇలాగే చేస్తారనుకునేవాణ్ని, హాస్టల్‌కి వెళ్లాక గానీ తెలియలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్తే చెల్లి కూతురు కాలుష్యం మీద చార్టు చేస్తోంది. నాలుగు గళ్లు గీసి గాలి, నీరు, నేల, శబ్దం అని రాసేసింది. గాలి గడిలో ఢిల్లీ, నీటి గడిలో గంగ. "మన జీడి పొగ రాయలేదేటి?" అన్నాను. "పుస్తకంలో లేదు మావయ్యా, అయినా రాస్తే ఏ గడిలో రాయాలి?" అంది.

దానికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. జీడిపిక్క తొక్కలో నల్లటి జిగురు నూనె ఉంటుంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకి ఆముదమో బూడిదో రాసుకునేది అందుకే. ఒకప్పుడు పిక్కల్ని కాల్చేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి మీద ఉడకబెడుతున్నారు, అది మేలే, కాదనను. కానీ పప్పు తీశాక తొక్క మిగులుతుంది కదా, నూనె ఉంది కాబట్టి భలే మండుతుంది, చవక కూడా, అందుకని దాన్నే పొయ్యిలో వేస్తారు. ఆ ఘాటుకి కళ్లు మండి గొంతు పట్టేస్తుంది. మసి వచ్చి డాబా మీద పడుతుంది, వాన పడితే అదే కొట్టుకుపోయి కాలవలో కలుస్తుంది. అంటే దాని చార్టులో మూడు గళ్లు ఒక్క తొక్కతోనే నిండిపోయాయి.

టెక్కలి వైపు కథ రివర్స్. అక్కడ నీలి గ్రానైట్ కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు పోస్తారు, దుమ్ము లేవదు. ఆ నీళ్లూ రాతిపొడీ కలిసిన బురదని రోడ్డు పక్కన పారబోస్తే మాత్రం వేసవికి ఎండిపోయి, లారీ వెళ్లిన ప్రతిసారీ తెల్లగా లేస్తుంది. రాతిపొడిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, పాడైన ఊపిరితిత్తుల్ని మళ్లీ బాగుచేసే మందు లేదు.

"కిడ్నీల జబ్బు నీటి గడిలో రాసేయనా?" అంది. ఇక్కడ మాత్రం ఆపాను. మా చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో చాలామందికి కిడ్నీలు పాడవుతున్నాయి, ఆ పేరు ఎత్తితే చాలు, బయటివాళ్లు నీళ్లలో విషం ఉందని తేల్చేస్తారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎంతమంది పరిశోధించినా ఇదే కారణమని ఒక్కటీ తేలలేదు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, ఇవి మాత్రం కళ్లముందున్నాయి. డయాలసిస్ చేయించుకుంటున్న మా పెద్దత్తనడిగితే "ముప్పై ఏళ్ల కిందట ఏ బావి నీళ్లు తాగానో ఇప్పుడెవడు చెప్తాడురా" అంటుంది. కారణం ఇంకా తెలియదని రాయమన్నాను. "అలా రాస్తే మార్కులెయ్యరు మావయ్యా" అంది. నిజమే, వెయ్యరు.

శబ్దం గడికి ఎక్కువ కష్టపడలేదు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 మించకూడదని రూల్. ఈ ముక్క నేను చెప్తున్నది దానికి వినపడక రెండుసార్లు అరవాల్సి వచ్చింది, వీధి చివర డీజే మోగుతోంది మరి, టైము పదకొండు.

పొగగొట్టం బొమ్మ చివరికి గాలి గడిలోనే వేసింది. ఢిల్లీ పక్కన కాస్త చోటు మిగిలిందట.