30కి 30

ఎండాకాలం సెలవులకు మంచిర్యాల నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క వాళ్ళింటికి వచ్చాం. చార్మినార్, జూపార్కు అయిపోయాయి. ఐదో రోజు ఎండ మరీ మండిపోతుంటే, "ఈ ఎండలో బయట తిప్పకు, బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకుపో" అంది అక్క. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ ఆటో పట్టుకుని నౌబత్ పహాడ్ ఎక్కాం. ఈ గుట్ట మీద ప్లానెటోరియం మొదలైంది 1985లో. నేను పుట్టిందీ అదే ఏడాది. సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. అయినా నేను లోపల అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.

పిల్లలు గిలకల దగ్గర ఆగిపోయారు. మా చిన్నోడు ఐదో తరగతి అయిపోయి ఆరులోకి వెళ్తాడు. ముందు ఒక్క గిలక మీద నుంచి తాడు గుంజాడు, బరువు కష్టంగా లేచింది. తర్వాత బరువుతోపాటే పైకి లేచే గిలక ఉన్న తాడు గుంజాడు. అదే బరువు సగం తేలికైపోయింది. మళ్ళీ పాతదాని దగ్గరకు వెళ్ళాడు, మళ్ళీ దీని దగ్గరకు వచ్చాడు. ఐదారుసార్లు అలా తిరిగి, "అమ్మా, ఇది తేలిగ్గానే లేస్తుంది కానీ తాడు డబల్ గుంజాల్సి వస్తుంది" అన్నాడు.

నాకు కాసేపు మాట రాలేదు. బలం సగమైతే లాగాల్సిన దూరం రెట్టింపవుతుంది, చేసే పని మాత్రం మారదు. నేను దీన్ని పుస్తకంలో చదివి, సూత్రం కంఠతా పట్టి, లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నాను. మా అమ్మమ్మ వాళ్ళ బావి మీద గిలక ఉండేది, దాంతో నీళ్ళు చేదాను కూడా. కానీ ఆ గిలకకూ నా పుస్తకంలో గిలకకూ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. వాడికి ఎవరూ చెప్పకుండానే చేతులకు తెలిసింది.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో నాకు 30కి 30 వచ్చాయి. మా కాలేజీలో ల్యాబ్ ఉండేది. సన్నటి మందాలు కొలిచే స్క్రూగేజీలు, కటకాలు (లెన్సులు) అన్నీ అద్దాల బీరువాలో వరసగా పెట్టి తాళం వేసేవారు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలి అని భయం. రెండేళ్ళలో ఆ తాళం తీసింది రెండుమూడు సార్లే, అప్పుడు కూడా సారు చేస్తుంటే దూరం నుంచి చూశాం. రికార్డు మాత్రం అందరికీ నిండింది. సీనియర్ అక్కల రికార్డులు తెచ్చుకుని, లఘులోలకం (దారానికి వేలాడి ఊగే గుండు) రీడింగులు, కుంభాకార కటకం (భూతద్దం లాంటి లెన్సు) నాభ్యంతరం పట్టికలు అక్కడక్కడ ఒక అంకె మార్చి రాసుకునేవాళ్ళం. ఇందులో ఎవరినో ఒకరిని తిట్టాలని లేదు. కానీ సైన్స్ అంటే ఇష్టమున్న పదిహేడేళ్ళ పిల్ల ఒక కటకాన్ని చేత్తో పట్టుకోకుండానే కాలేజీ దాటిందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డైనోసార్ గదిలో మాత్రం మా ఆయనదే రాజ్యం. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వి తీశారు. ఒక్క జంతువు ఎముకలు కావు, చాలా జంతువులవి దొరికాయి. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి గారు దానికి ఆ పేరు పెట్టారు. పళ్ళు తప్ప తల ఎముకలు దొరకలేదని తెలిశాక, పైన కనిపిస్తున్న తలను పిల్లలు ఇంకా పరీక్షగా చూశారు.

"డాడీ, అంటే ఇది మన దిక్కుదేనా?" అన్నాడు చిన్నోడు.

మా ఆయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్ పనిచేస్తారు. "మన దిక్కుదే. కానీ నేను రోజూ తవ్వే బొగ్గు దీనికన్నా పాతది" అన్నారు. పిల్లలు నమ్మలేదు. నిజమే, సింగరేణి బొగ్గు పర్మియన్ కాలంది, 25 కోట్ల ఏళ్ళకు పైబడింది. ఈ డైనోసార్ జురాసిక్ కాలంది, అంటే 20 కోట్ల ఏళ్ళ లోపే. ఇది తిరిగే నాటికే, బొగ్గుగా మారిన ఆ చెట్లు భూమి లోపల పూడిపోయి ఉన్నాయి. గనిలో రాతి మీద ఆకుల అచ్చులు కనిపిస్తాయని, ఈనెలు కూడా తెలుస్తాయని ఆయన వేలితో గాల్లో గీసి చూపించారు. పదిహేనేళ్ళ కాపురంలో ఈ మాట నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. పక్కన నిలబడ్డ వేరే పిల్లలు కూడా వినడం మొదలుపెట్టారు.

సాయంత్రం ఇంటికి రాగానే బావగారు పేపర్ చదవడానికి వాడే భూతద్దం అడిగి తీసుకున్నాను. తలుపు మూసి, ఒక్క కిటికీ తెరిచి ఉంచి, ఎదురుగా గోడ దగ్గర అద్దం పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ జరిపాను. ఒకచోట మసక పోయింది. ఎదుటి అపార్ట్‌మెంట్, దాని మీద నల్ల వాటర్ ట్యాంకు, ఆరేసిన బట్టలు, అన్నీ రంగులతో సహా గోడ మీద చిన్నగా తలకిందులై నిలిచాయి. గాలికి బట్టలు ఊగుతుంటే గోడ మీదా ఊగాయి. పిల్లలు కేకలు పెట్టారు, అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కేలు తెచ్చి గోడకూ అద్దానికీ మధ్య దూరం, అదే నాభ్యంతరం, కొలిచింది. 21 సెంటీమీటర్లు. రెండోసారి 20.5. మూడోసారి 21.3. "ఏది రైటమ్మా?" అంది. మూడూ రాయమన్నాను. నోట్‌బుక్ వెనక పేజీలో రాసి, పక్కన తేదీ వేసింది. నాలుగోసారి అద్దం నా చేతిలోంచి తీసుకుని తను పట్టుకుంది. స్కేలు నాకిచ్చింది.