ఇండీ గేమ్ తీస్తే డబ్బు మిగులుతుందా?

పెద్ద కంపెనీ అండ లేకుండా ఒకరిద్దరు సొంతంగా చేసుకునే ఇండీ గేమ్‌తోనూ మిగులుతుంది. కాకపోతే ఆ లెక్క మొదటి నెలలోనే వేసుకోవాలి, గేమ్ పూర్తయ్యాక కాదు.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 10 డాలర్లకు పెట్టిన గేమ్‌నే తీసుకుందాం. చాలా కాపీలు డిస్కౌంట్‌లోనే పోతాయి, కొన్ని దేశాల్లో అసలు ధరే తక్కువ. కాపీకి సగటున 7 డాలర్లు పడిందనుకోండి. యూరప్‌లో పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. కొన్న 14 రోజుల్లో, రెండు గంటలలోపు ఆడినవాళ్లు అడిగితే రీఫండ్ ఇచ్చేస్తారు. ఇవి పోతే 6. స్టీమ్ వాటా 30 శాతం తీసేస్తే 4.20. బ్యాంకు ఖర్చులవీ పోగా చేతికొచ్చేది 4 డాలర్లు.

ఇద్దరు మనుషులు ఏడాదిన్నర పనిచేశారు, ఒక్కొక్కరికి నెలకు 1,000 డాలర్ల ఖర్చు. సంగీతానికి, కవర్ బొమ్మకు ఇంకో 4,000. మొత్తం 40,000. అంటే 10,000 కాపీలు అమ్ముడుపోతేనే అసలు వస్తుంది. అదే ఆరు నెలల్లో ముగిసే గేమ్ అయితే 4,000 కాపీలు చాలు. మార్కెటింగ్ గురించి బెంగపడేవాళ్లు ముందు గేమ్ సైజు తగ్గించుకోవాలి.

ఇక స్టోర్ పేజీ, అంటే స్టీమ్‌లో మీ గేమ్‌ని అమ్మే పేజీ. 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అవి తిరిగొస్తాయి. విడుదలకు కనీసం రెండు వారాల ముందు పేజీ కనబడాలని నియమం, కానీ ఆరు నెలలైనా లేకపోతే విష్‌లిస్ట్ (తర్వాత కొనాలని గేమ్‌ని గుర్తు పెట్టుకున్నవాళ్ల జాబితా) పోగవదు. విష్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకి విడుదల రోజున, తర్వాత 20 శాతమో ఆపైనో డిస్కౌంట్ పెట్టినప్పుడు స్టీమే మెయిల్ పంపుతుంది. ఇంతకు మించిన ఉచిత ప్రచారం ఇంకెక్కడా దొరకదు.

కవర్ బొమ్మను ఫోన్‌లో గోరంత చేసి, గేమ్ గురించి ఏమీ తెలియని మనిషికి చూపించండి. పజిలో, పోరాటమో చెప్పలేకపోతే బొమ్మ మార్చాల్సిందే. ట్రైలర్ మొదటి ఐదు సెకన్లలో ఆట కనబడాలి. మీ కంపెనీ లోగో చూడ్డానికి ఎవరూ రాలేదు.

రాబోయే గేమ్‌ల డెమోలు ఆడించే స్టీమ్ పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం. సగం ఉడికిన డెమోతో వెళ్లి దాన్ని పోగొట్టుకోవద్దు, విడుదలకు ముందు వచ్చే చివరి ఫెస్ట్ దాకా ఆగండి. డెమోలో ట్యుటోరియల్ సాగదీస్తే అసలు మజా మొదలవ్వకముందే జనం మూసేస్తారు.

విడుదలయ్యాక మొదటి గండం 10 రివ్యూలు. అన్ని లేనిదే పేజీలో రేటింగే కనబడదు. స్నేహితులకి ఉచితంగా కీలు (గేమ్‌ని తెరిచే కోడ్‌లు) పంచి రాయించినా లాభం లేదు, స్టీమ్‌లో కొన్నవాళ్ల రివ్యూలే రేటింగ్‌కి లెక్క. ఆడుతూ లైవ్‌లో చూపించే స్ట్రీమర్లమంటూ కీలు అడిగే మెయిళ్లలో మోసాలు బోలెడు. ఛానెల్ పేజీలో ఉన్న మెయిల్ ఐడీ, మీకు వచ్చిన ఐడీ ఒకటేనా అని చూశాకే పంపండి.

యాడ్‌ల సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఒక్కో మనిషిని విష్‌లిస్ట్‌లోకి తేవడానికి యాడ్ ఖర్చు డాలర్ పడి, పదిమందిలో ఒకరు కొంటే, 4 డాలర్లు తెచ్చే కాపీకి 10 డాలర్లు పెట్టినట్టు. 25 డాలర్ల గేమ్‌కైతే ఆలోచించొచ్చు.

పేజీ పెట్టి రెండు నెలలైంది, బొమ్మ, ట్రైలర్ మార్చి చూశారు, అయినా విష్‌లిస్ట్ వందల్లోనే ఉందా? దాని మీద ఇంకో ఏడాది పెట్టకండి. ఉన్నంతలో ముగించి, ధర తగ్గించి వదిలేసి, తర్వాతి గేమ్ మొదలుపెట్టండి.