ఎండల బతికే మనిషికి డి విటమిన్ తక్కువా?

మాది నల్లగొండ దగ్గర ఊరు, నాలుగెకరాల బత్తాయి తోట. నాయిన పొద్దుగాల ఆరింటికి పాదుల కాడికి పోతే చీకటి పడ్డంకనే ఇంటికొచ్చేది. అసొంటి మనిషికి డి విటమిన్ 11 అని రిపోర్టు! 20 కన్నా తక్కువుంటే లోపం కిందే లెక్కట. ల్యాబోళ్లే తప్పు చేసిన్రనుకున్న.

డాక్టరమ్మ నిమ్మళంగ చెప్పింది. ఎండకు తోలు తయారు చేసేది ముడిసరుకేనట. దాన్ని ముందు లివర్ మార్చాలె, తర్వాత కిడ్నీ. అప్పుడే ఒంటికి పనికొస్తది. నాయిన లివర్ల ఏమో హెపటైటిస్ సి వైరస్! ఎన్నేండ్ల సంది ఉందో, ఒక్కనాడన్నా కండ్లు పచ్చబడలే. అట్లని లోపానికి వైరస్సే కారణమని గట్టిగ చెప్పలేమన్నది. వయసుంది, నిండు చేతుల అంగీ ఉంది, తలపాగ ఉంది.

ఊర్లె తెలిసినకాడి నుంచి అందరిదీ ఒకటే మాట, పసరు మందు. "పసిరికలు కానే కాలే, పసరెందుకే పెద్దమ్మా?" అని ఎంతమందికని చెప్పాలె?

వైరస్‌కు 12 వారాలు, రోజుకో గోళి. డి విటమిన్‌కు వారానికోసారి పాలల్ల 60,000 యూనిట్ల పొడి. ఆ పొడి వైరస్‌ను సంపదు, దాని పని వేరే. నాయినకు మాత్రం పొడి మీదనే నమ్మకం. నీళ్ల వంతు రాసుకున్నట్టు గోడ క్యాలెండర్ల ఆదివారం ఆదివారం పెన్నుతోని సున్న చుడుతుండు. నిన్న చూస్తే వచ్చే నెలయి గూడ ముందే చుట్టి పెట్టిండు.