నాలుగో వరుసలో లేని తప్పు

పన్నెండు దాటింది, ఇల్లంతా నిద్రలో ఉంది, నాకు మాత్రం 1064 అనే ఆ ఎర్రర్ సంఖ్య కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసుకు రాసే కోడులో కామా మిగిలినా, బ్రాకెట్ మూయకపోయినా వచ్చేది ఆ సంఖ్యే. దాని వెంట ‘నియర్’ అంటూ మన కోడులోంచే ఒక ముక్క, ఒక వరుస సంఖ్య కనిపిస్తాయి. సాయంత్రం నాకు నాలుగో వరుసలోని ‘ఫ్రమ్’ను చూపించింది. ఆ వరుసలో అక్షరం అక్షరం గంటసేపు వెతికాను. తప్పు మూడో వరుస చివర అదనంగా మిగిలిన కామాలో ఉంది. కామా తరువాత మరో కాలమ్ పేరు వస్తుందని చూస్తున్న డేటాబేసు ఫ్రమ్ దగ్గర ఆగిపోయి, తాను ఆగిన చోటునే చెప్పింది. ఈ ఒక్క విషయాన్ని మొదటి పాఠంలోనే ఎందుకు చెప్పరు? పాఠాలలో కోడు ఎప్పుడూ సరిగానే నడుస్తుంది. నడవనప్పుడు ఏం చదవాలో ఎవరూ నేర్పరు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఇంటర్ సెలవుల్లో అమ్మ కుట్టు మిషను మీద దిండు గలీబు కుడుతుంటే, బట్ట అడుగున దారం ముద్దకట్టింది. చిక్కు కిందే ఉంది కదా అని అడుగు దారం ఉండే బాబిన్ తీసి మూడుసార్లు చుట్టి పెట్టాను; మూడుసార్లూ అంతే అయింది. అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి, బాబిన్ వైపు చూడనైనా చూడకుండా బట్టను నొక్కిపట్టే మిషను పాదాన్ని పైకెత్తి, పై దారాన్ని పూర్తిగా లాగేసి, మొదటి నుంచి మళ్ళీ ఎక్కించింది. “ముడి కింద పడితే పైన చూడాలే” అన్నది. ఆమె చేతికి అంటిన పసుపు తెల్లదారానికి అంటుకోవడం కూడా గుర్తుంది.

అందుకే ‘చూపిన మాటకు ముందే వెతకాలి’ అని నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. భోజనాల తరువాత ఆ సూత్రమే నన్ను తప్పుదారి పట్టించింది. మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్ 5.7లో పట్టికను సృష్టించిన కోడే కొత్త వెర్షన్ 8.0లో ‘ర్యాంక్’ అనే కాలమ్ పేరు దగ్గర ఆగింది. దానికి ముందున్నదంతా జల్లెడ పట్టాను. ఏ దోషమూ లేదు. 8.0లో ర్యాంక్ అన్నది డేటాబేసు తన కోసం కేటాయించుకున్న పదం. దానికి అటూ ఇటూ బ్యాక్‌టిక్ (`) గుర్తులు పెట్టగానే పట్టిక తయారైంది.

అంటే సాయంత్రం ఆ సందేశాన్ని తిట్టుకోవడం సరికాదు. తాను ఒప్పుకోలేకపోయిన మొదటి మాటను అది రెండుసార్లూ ఉన్నదున్నట్టు చూపింది. నోట్సులో రాసుకున్న ఆ వాక్యాన్ని కొట్టేశాను. పాఠాల మీది కోపం మాత్రం అలాగే ఉంది.

రేపు పాలు వచ్చేలోగా, సరిగా నడుస్తున్న కోడులోంచి ఒక్కొక్కటే తీసేసి, ప్రతిసారీ ఏ మాట దగ్గర ఆగుతుందో రాసుకోవాలి: ముందు కామా, తరువాత బ్రాకెట్.