తిరుపతి లోకల్ న్యూస్‌లో లోపం ఎక్కడ?

తిరుపతి కేబుల్ వార్తలకు మొదటి జబ్బు కెమెరా కాదు, మైకు. లీలామహల్ సర్కిల్లో కెమెరాకున్న మైకుతోనే బైట్ (మనిషి కెమెరా ముందు చెప్పే చిన్న మాట) తీసుకుంటే మనిషి గొంతు కన్నా బస్సు హారనే గట్టిగా వినిపిస్తుంది. చేతి మైకును నోటికి జానెడు దూరంలో పట్టాలి, స్పాంజి తొడుగు వేయాలి. గొంతు పెద్దదైనప్పుడు కూడా సౌండ్ మీటర్లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆడాలి. సున్నాకి తగిలిందంటే గొంతు పగిలినట్టే, ఎడిటింగ్‌లో బాగుపడదు. ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మినుకుమంటే కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, లైటు మినుకు ఆ లెక్కతోనే నడుస్తుంది.

ఇక వార్త. టీటీడీ ఇచ్చే దర్శనాల సంఖ్య, హుండీ లెక్క చదివేయడం తేలిక. అది నిన్నటి లెక్కని మాత్రం చాలామంది చెప్పరు. సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో చెబితే, ఆ సమాచారం ఎన్నింటికి తీసుకున్నదో కూడా తెరమీద వేయాలి. పొద్దున ఆరింటి స్క్రోలింగ్ మధ్యాహ్నం దాకా తిరుగుతుంటే అలిపిరి దగ్గరున్న యాత్రికుడికి అది తప్పుడు వార్తే.

నీళ్ల వార్తా అంతే: ఏ వీధులు, ఎప్పటి దాకా, పైపు పగిలిందా మోటారు కాలిందా? ప్రెస్‌నోట్‌లో లేకపోతే ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు. డబ్బులిచ్చిన షాపు ప్రారంభోత్సవానికి మాత్రం ‘ప్రకటన’ అని వేయాల్సిందే.